టీమ్ ఆర్డర్స్ మళ్లీ నిషేధిస్తే ఆగుతాయా?

ఔట్‌ల్యాప్:
2025 ఫార్ములా వన్ (ఎఫ్‌1) పాయింట్ల పట్టిక ఎన్నిసార్లు చూసినా ఒక లెక్క మింగుడు పడటం లేదు. నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421, పియాస్ట్రి 410. రెండంటే రెండే పాయింట్లతో టైటిల్ తేలింది. ఇప్పుడు మోంజా గుర్తుచేసుకోండి. రెండో స్థానంలో ఉన్న నోరిస్‌ని కాదని, వెనకున్న టీమ్‌మేట్ పియాస్ట్రిని మెక్‌లారెన్ ముందు పిట్‌కి (టైర్లు మార్చే చోటికి) పిలిచింది. తర్వాత నోరిస్ వస్తే చక్రం దగ్గర తడబడి దాదాపు 6 సెకన్లు నిలబెట్టేశారు. బయటికొచ్చేసరికి పియాస్ట్రి ముందున్నాడు. స్థానం తిరిగిచ్చెయ్యమని రేడియోలో చెప్పారు. పిట్ స్టాప్ ఆలస్యం కావడం రేసింగ్‌లో భాగమే కదా, ఇప్పుడు కొత్తగా ఏం మారిందని అడిగాడు పాపం, అడిగి ఇచ్చేశాడు. నోరిస్‌కి 15 రావాల్సిన చోట 18 వచ్చాయి. ఆ మూడూ తీసెయ్యండి. 420. ఛాంపియన్ వెర్‌స్టాపెన్.

ఇలా తన ఇద్దరు డ్రైవర్లలో ఎవరు ముందుండాలో టీమే చెప్పడాన్ని టీమ్ ఆర్డర్స్ అంటారు. దాని మీద 2003లో తెచ్చిన నిషేధాన్ని 2011 సీజన్ నుంచి ఎత్తేశారు. ఆ నిషేధాన్ని తిరిగి తేవాలని నేనంటాను. మీరేమంటారు?

గ్రావెల్‌ట్రాప్:
లెక్క వేస్తే పూర్తిగా వెయ్యాలి బాస్. లాస్ వేగస్‌లో కారు కింద ఉండే ప్లాంక్ (అడుగు పలక) 9 మిల్లీమీటర్ల కంటే పలచబడిందని మెక్‌లారెన్ కార్లు రెండింటినీ డిస్‌క్వాలిఫై చేశారు. అక్కడ నోరిస్‌కి పోయింది రెండో స్థానం, 18 పాయింట్లు. జాండ్‌వూర్ట్‌లో ఆయిల్ లీకై ఆగిపోయినప్పుడు కూడా రెండో స్థానంలోనే ఉన్నాడు. ఇవన్నీ వదిలేసి ఆ మూడు పాయింట్లే ఎందుకు పట్టుకున్నారు?

ఔట్‌ల్యాప్:
@గ్రావెల్‌ట్రాప్ ప్లాంక్ అరగడం, ఆయిల్ కారడం ఎవరూ కావాలని చేయరు. నా గొడవంతా కావాలని చేసినదాని గురించే.

పాతకాపు:
నిషేధం కావాలంటున్నవాళ్లు అది అమల్లో ఉన్న ఎనిమిది సీజన్లలో ఏం జరిగిందో చూసుకుని మాట్లాడితే బాగుంటుంది. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

2002 మే, ఆస్ట్రియా, ఏ1 రింగ్. పోల్ (మొట్టమొదటి స్టార్ట్ స్థానం) ఫెరారీ డ్రైవర్ బారికెల్లోది, రేసులో పైచేయి కూడా అతనిదే. సీజన్‌లో అది ఆరో రేసు మాత్రమే. అప్పటికే అతని టీమ్‌మేట్ షూమాకర్ ఐదింట నాలుగు గెలిచేసి ఉన్నాడు, అతన్ని ఆపే నాథుడే లేడు. అయినా షూమాకర్‌కి దారివ్వాల్సిందేనని ఫెరారీ పట్టుబట్టింది. చివరి ల్యాప్‌లో చివరి మలుపు తిరిగాక, ఫినిష్ లైన్ కళ్లెదుట కనిపిస్తుండగా బారికెల్లో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. తేడా 0.182 సెకన్లు. ఎవరికీ తెలియకుండా పిట్ స్టాప్‌లో కానిచ్చేయొచ్చు, కానీ అందరూ చూస్తుండగా అక్కడే ఇచ్చాడు. అది అతని నిరసన అని నేననుకుంటాను. స్టాండ్స్‌లో జనం గోల గోల చేశారు. పోడియం మీద షూమాకర్‌కి ముఖం చెల్లక బారికెల్లోని పై మెట్టు మీదికి తోశాడు, ట్రోఫీ కూడా అతని చేతిలోనే పెట్టాడు.

తమాషా ఇక్కడుంది. రేసింగ్ నియంత్రణ సంస్థ ఎఫ్‌ఐఏ 10 లక్షల డాలర్ల జరిమానా వేసింది, అందులో సగం సస్పెండ్ చేసింది. దేనికనుకున్నారు? పోడియం పద్ధతి పాటించనందుకు! స్థానాలు మార్చడం అప్పటికి తప్పే కాదు మరి. ఆ గొడవ వల్లనే 2003 నుంచి రూల్ వచ్చింది: రేసు ఫలితాన్ని మార్చే టీమ్ ఆర్డర్స్ నిషిద్ధం. ఒక్క వాక్యం, అంతే.

ఆ వాక్యానికి పట్టిన గతి చూడండి. 2007 బ్రెజిల్‌లో మాసా సొంత జనం ముందు రేసుని నడిపించి, రెండో పిట్ స్టాప్ సమయంలో ఫెరారీలోనే ఉన్న రైకోనెన్‌కి ఆధిక్యం వదిలేశాడు. రైకోనెన్ ఒక్క పాయింట్‌తో ఛాంపియన్. ఎవరూ కిమ్మనలేదు. 2008 హాకెన్‌హైమ్‌లో కోవలైనెన్ హామిల్టన్‌కి దారిచ్చాడు. తన టీమ్‌మేట్ వేగంగా ఉన్నాడట, తనే పక్కకి జరిగాడట. సరే. ఇక 2010 హాకెన్‌హైమ్. ఫెరారీ కార్లే రెండూ, మాసా ముందు, అలోన్సో వెనక. ఇంజినీర్ స్మెడ్లీ ఒక్కో మాటా విడదీసి చెప్పాడు: "ఫెర్నాండో నీకంటే వేగంగా ఉన్నాడు. ఈ మెసేజ్ అర్థమైందని చెప్పగలవా?" దారి ఇవ్వమన్న మాట అందులో ఎక్కడుంది? 49వ ల్యాప్‌లో హెయిర్‌పిన్ నుంచి బయటపడుతూ మాసా నెమ్మదించాడు. ఆ వెంటనే అదే రేడియోలో "సారీ" కూడా వినిపించింది. హంగరీలో స్ప్రింగ్ తగిలి చావు అంచుల దాకా వెళ్లొచ్చి అతనికి సరిగ్గా ఏడాది నిండిన రోజది.

జరిమానా లక్ష డాలర్లు. ఫలితం మారలేదు. సెప్టెంబరులో ప్రపంచ మోటార్ స్పోర్ట్ కౌన్సిల్ దగ్గరికి వెళ్తే ఇంకేం శిక్ష వెయ్యలేదు. డిసెంబరులో ఆ రూల్‌నే కొట్టేశారు. అంత చేసీ అలోన్సో టైటిల్ నాలుగు పాయింట్లతో పోగొట్టుకున్నాడు, మాసా ఆ తర్వాత మళ్లీ ఒక్క గ్రాండ్ ప్రి కూడా గెలవలేదు.

రూల్ ఉన్నన్నాళ్లూ ఆర్డర్స్ ఆగలేదు. మాట మార్చుకున్నాయి, అంతే.

బ్లూఫ్లాగ్:
పాతకాపు గారు, దండాలు. ఆ "సారీ" విన్న రోజు టీవీ కట్టేశాను.

చికేన్:
ఒక చిన్న ప్రశ్న. 2021 అబుదాబిలో పెరెజ్ తన టీమ్‌మేట్ వెర్‌స్టాపెన్ కోసం పాత టైర్ల మీద హామిల్టన్‌ని అడ్డగించి సెకన్లకి సెకన్లు తినేసినప్పుడు ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది చప్పట్లు కొట్టారు? అదీ టీమ్ ఆర్డరే కదా. అప్పుడు ఎవరికీ రూల్ పుస్తకం గుర్తుకు రాలేదే!

ఔట్‌ల్యాప్:
@చికేన్ అది వేరు. పెరెజ్ ఎవరికీ ఏమీ దానం చెయ్యలేదు. స్థానం కాపాడుకోవడానికి ఇంచి ఇంచికీ పోరాడాడు, హామిల్టన్ దాటాడు, అతను మళ్లీ దాటాడు. అది రేసింగ్. బారికెల్లో చేసింది రేసింగ్ ఆపేయడం. ఈ రెండింటి మధ్య గీత గియ్యొచ్చు.

చికేన్:
గీత మీకు కనిపిస్తుంది, నాకు కనిపిస్తుంది. స్టీవర్డ్ (రేసులో పెనాల్టీలు తేల్చే అధికారి) దాన్ని ఏ ఆర్టికల్ కింద రాస్తాడో చెప్పండి.

రెయిన్‌లైట్:
నిషేధం పనిచెయ్యదని తేల్చేస్తున్నారు కానీ, మనసుంటే పనిచేయించొచ్చు. అమెరికాలో నాస్‌కార్ రేసుల సంగతి చూడండి. 2013 రిచ్‌మండ్. ప్లేఆఫ్స్‌కి ముందు చివరి రేసు. మైకేల్ వాల్ట్రిప్ రేసింగ్‌లో ట్రూఎక్స్‌కి బెర్త్ దక్కాలంటే రేసు నెమ్మదించాలి, అంటే పసుపు జెండా పడాలి. రేడియోలో బోయర్‌ని అడిగారు, చెయ్యి నొప్పి పెడుతోందా, లోపల బాగా వేడిగా ఉందా అని. కాసేపటికి బోయర్ కారు గిర్రున తిరిగింది! పసుపు జెండా పడింది.

నాస్‌కార్ ఏం చేసింది? టీమ్‌కి 3 లక్షల డాలర్ల జరిమానా. కార్లన్నింటికీ 50 పాయింట్ల కోత. ట్రూఎక్స్‌ని ప్లేఆఫ్స్ నుంచి తీసేసి న్యూమన్‌ని పెట్టారు, అన్యాయం జరిగిందని గోర్డన్‌ని 13వ వాడిగా కలిపారు. ఆ వెంటనే ప్రతి డ్రైవర్ నూటికి నూరు శాతం ప్రయత్నించాలని రూల్ రాశారు. స్పాన్సర్ వెళ్లిపోయాడు. జర్మనీ కార్ల రేసు సిరీస్ డీటీఎమ్‌లో కూడా అంతే, 2015లో రెడ్‌బుల్ రింగ్‌లో "టీమో, అతన్ని బయటికి తోసెయ్" అన్న మాట రేడియోలో దొరికినందుకు ఆడికి 2 లక్షల యూరోలు పడింది. ఫలితం ముట్టుకోకుండా లక్ష డాలర్లు రాసి ఊరుకుంటే ఎవడు భయపడతాడు? శిక్షలో దమ్ము లేదు కాబట్టి రూల్ చచ్చిందంటాను నేను.

పాతకాపు:
@రెయిన్‌లైట్ మంచి పాయింటే. కానీ మీరు చెప్పిన రెండిట్లోనూ దొరికింది కారు తిప్పేసినవాడు, పక్కవాణ్ణి గుద్దినవాడు. అలాంటివాటికి ఎఫ్‌1లో కూడా వాతలు పడ్డాయి. 2008 సింగపూర్‌లో పికే జూనియర్ కావాలని గోడకి కొట్టుకున్న వ్యవహారం బయటపడ్డాక రెనోకి రెండేళ్ల సస్పెండెడ్ వేటు పడింది. టీమ్ పెద్దలు బ్రియటోరే, సైమండ్స్ ఇళ్లకి వెళ్లారు (బ్రియటోరే కోర్టుకెళ్లి తన మీద నిషేధాన్ని కొట్టేయించుకున్నాడు, అది వేరే కథ). ప్రమాదం సృష్టించడాన్ని పట్టుకోవచ్చు. నెమ్మదించడాన్ని ఎలా పట్టుకుంటారు? టైర్లు వేడెక్కాయంటాడు. ఫ్యూయల్ పొదుపు చేస్తున్నానంటాడు.

డేటాట్రేస్:
అసలు సమస్య పాతకాపు గారు చెప్పినదే, కానీ టెక్నికల్‌గా ఇంకాస్త లోతుంది.

నిషేధించాలంటే ముందు వినాలి, విన్నదాని అర్థం తేల్చాలి. 2016లో ఎఫ్‌ఐఏ ఇదే పని ఇంకో వైపు నుంచి చేసి చూసింది. డ్రైవర్ కారుని ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా నడపాలి అన్న రూల్ పట్టుకుని, రేడియోలో ఇంజినీర్ ఏం చెప్పొచ్చో ఏం చెప్పకూడదో జాబితా పెట్టింది. బాకూలో హామిల్టన్ ఇంజిన్ సెట్టింగ్ తప్పులో ఇరుక్కుపోయి, స్టీరింగ్ మీద స్విచ్‌లు ఒక్కొక్కటే తిప్పుకుంటూ వెతుక్కున్నాడు. పిట్ వాల్ మీద కూర్చున్న ఇంజినీర్ల దగ్గర సమాధానం ఉంది, చెప్పడానికి లేదు. సిల్వర్‌స్టోన్‌లో రోస్‌బర్గ్ గేర్‌బాక్స్ ఏడో గేర్‌లో ఇరుక్కుంది. ఏడు వాడొద్దు, దాటేసి మార్చు అని చెప్పారు. 10 సెకన్ల పెనాల్టీ, రెండు నుంచి మూడుకి పడిపోయాడు. ఆ సీజన్ సగంలోనే, జర్మనీ రేసు నుంచి ఆ ఆంక్షలు చాలావరకు ఎత్తేశారు.

ఎందుకు ఎత్తేశారు? ఏ మాట సాయం, ఏ మాట భద్రత, ఏ మాట సమాచారం అని రేసు నడుస్తుండగా ఎవడో కూర్చుని తేల్చాలి. గేర్‌బాక్స్ మాటకే అంత గొడవైతే, "టైర్లు చూసుకో" అన్న మాట ఆర్డరా సలహానా అని ఎవరు తేలుస్తారు?

టర్న్‌వన్:
మీరంతా రూల్స్ టీమ్ ఆర్డర్స్‌ని ఆపుతాయా అని కొట్టుకుంటున్నారు. నేను తిరగేసి చెబుతాను: రూల్సే టీమ్ ఆర్డర్స్‌ని పుట్టిస్తాయి. 2025 మొనాకో చూశారా?

2024లో మొదటి ల్యాప్‌లోనే రెడ్ ఫ్లాగ్ పడి రేసు ఆగింది, అందరూ అక్కడే టైర్లు మార్చేసుకున్నారు, మొదటి పది మందీ బయల్దేరిన వరసలోనే ఫినిష్ చేశారు. నిద్రొచ్చే రేసు. దాన్ని బాగుచెయ్యడానికి 2025లో మొనాకోకి మాత్రమే రెండు పిట్ స్టాప్‌లు తప్పనిసరి చేశారు. బల్ల మీద రాసుకున్నప్పుడు ఐడియా బాగానే ఉంటుంది.

ట్రాక్ మీద ఏమైంది? రేసింగ్ బుల్స్ వాళ్లు హజార్‌ని ముందు పంపి, వెనకున్న లాసన్‌ని నెమ్మదించమన్నారు. మొనాకోలో దాటే చోటే లేదు కాబట్టి లాసన్ వెనక బండ్లన్నీ బారులు తీరాయి. అతనికీ హజార్‌కీ మధ్య ఎంత ఖాళీ అంటే, హజార్ పిట్‌కి వెళ్లి వచ్చినా ఏ స్థానమూ పోలేదు. హజార్ 6, లాసన్ 8. విలియమ్స్ వాళ్లు అది చూసి అదే పని వంతులవారీగా చేశారు. సైంజ్ అడ్డుపడుతుంటే ఆల్బన్ ఆగాడు, తర్వాత ఆల్బన్ అడ్డుపడుతుంటే సైంజ్ ఆగాడు. ఇద్దరికీ పాయింట్లు. వెనకున్న రసెల్‌కి చిర్రెత్తి చికేన్ (వంకర మలుపు) అడ్డంగా కోసి ఆల్బన్‌ని దాటేశాడు, స్థానం తిరిగివ్వనన్నాడు, పెనాల్టీ వేస్తే వేసుకోమన్నాడు. డ్రైవ్‌త్రూ (పిట్ లేన్ గుండా నెమ్మదిగా వెళ్లే శిక్ష) వేశారు.

ఎవరూ ఏ రూల్ మీరలేదు (రసెల్ తప్ప!). రెండు స్టాప్‌లు తప్పనిసరి కాకపోతే లాసన్‌కి ఆ పని అప్పజెప్పే అవసరమే రాదు. ఆ తర్వాత ఖతార్‌లో ఒక సెట్ టైర్లకి 25 ల్యాప్‌లే పరిమితి అన్నారు. 7వ ల్యాప్‌లో సేఫ్టీ కార్ వచ్చింది, మిగతా పెద్ద టీమ్‌లన్నీ ఆగాయి, మెక్‌లారెన్ రెండు కార్లూ ఆగలేదు. ఒకణ్ణి ఆపితే రెండోవాడికి అన్యాయమవుతుందన్న బెంగ కూడా అందులో పనిచేసిందని నా అనుమానం. వెర్‌స్టాపెన్ గెలిచి వెళ్లిపోయాడు.

బ్లూఫ్లాగ్:
ఆ మొనాకో రేసులో డ్రైవర్లకి ట్రోఫీలు కాదు, ట్రాఫిక్ పోలీస్ టోపీలు ఇవ్వాల్సింది.

ఎండ్యూరో:
ఎఫ్‌1 వాళ్లకి తప్ప ఇంకెవరికీ ఈ బాధ లేదన్నట్టు మాట్లాడుతున్నారు. 1966 లమాన్ 24 గంటల రేసు ఎవరికీ గుర్తులేదా? ఫోర్డ్ కార్లు మొదటి మూడు స్థానాల్లో ఉన్నాయి. ఫొటో బాగా రావాలని కలిసి ఫినిష్ చెయ్యమన్నారు. ముందున్న కెన్ మైల్స్ మాట విని నెమ్మదించాడు. తీరా చూస్తే సమానంగా ముగిసినట్టు ప్రకటించడం కుదరదన్నారు. బ్రూస్ మెక్‌లారెన్, అమన్ అనే డ్రైవర్ల ఫోర్డ్ కారు గ్రిడ్‌లో ఇంకొంచెం వెనక నుంచి బయల్దేరింది కాబట్టి అది ఎక్కువ దూరం తిరిగినట్టు, గెలుపు వాళ్లది. మైల్స్ అదే ఏడాది ఆగస్టులో టెస్టింగ్‌లో చనిపోయాడు. లమాన్ గెలుపు అతని ఖాతాలో ఎప్పటికీ లేదు. అక్కడ మోసం చెయ్యాలని ఎవరికీ లేదనుకుంటాను, ఆర్డర్ ఇచ్చినవాడికి రూల్ తెలియదేమో, అంతే. నాకు ఏ1 రింగ్ కంటే ఇదే ఎక్కువ మంట.

గ్రావెల్‌ట్రాప్:
ఆర్డర్ వినకపోతే ఏమవుతుందో కూడా మాట్లాడండి. 2013 సెపాంగ్, మల్టీ 21. రెడ్‌బుల్‌లో 2వ నంబరు కారు (వెబర్) ముందు, 1వ నంబరు (వెటెల్) వెనక అని కోడ్. వెటెల్ విన్నాడు, విననట్టే వెబర్‌ని దాటి గెలిచాడు. ఆ పోడియం గదిలో మొహాలు చూడాలి. అంతకుముందు 1982 ఇమోలా. ఫెరారీ "స్లో" బోర్డు చూపించింది, విల్నోవ్ దాన్ని స్థానాలు మార్చుకోవద్దని అర్థం చేసుకున్నాడు, టీమ్‌మేట్ పిరోని దాటేసి గెలిచాడు. రెండు వారాలు తిరక్కుండానే జోల్డర్ క్వాలిఫైయింగ్‌లో విల్నోవ్ పోయాడు, అప్పటికి పిరోనితో మాటల్లేవు. ఇక 2022 బ్రెజిల్. ఆరో స్థానం పెరెజ్‌కి ఇవ్వమంటే వెర్‌స్టాపెన్ ఇవ్వలేదు, దాంతో పెరెజ్‌కి ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం పోయింది.

డేటాట్రేస్:
@గ్రావెల్‌ట్రాప్ లెక్క పూర్తిగా వెయ్యాలని మొదట చెప్పింది మీరే కదా :) ఆరో స్థానానికి 8, ఏడుకి 6. రెండు పాయింట్లే తేడా. చివరికి లెక్లెర్ 308, పెరెజ్ 305. ఆ రెండూ ఇచ్చినా 307. రెండో స్థానం లెక్లెర్‌దే.

గ్రావెల్‌ట్రాప్:
పాయింట్లు సరే, పరువు?

మార్షల్‌పోస్ట్ (నిర్వాహకులు):
2021 అబుదాబి సేఫ్టీ కార్ గురించి వచ్చిన పదకొండు పోస్టులు వేరే చర్చలోకి మార్చాం. అక్కడ ఇప్పటికే చాలినంత రక్తపాతం జరిగింది. ఇక్కడ ఆర్డర్స్, రూల్స్ వరకే ఉందాం.

టర్న్‌వన్:
ఇంకొక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక టీమ్‌లో ఇద్దరి మధ్య సరే, రెండు టీమ్‌ల యజమాని ఒకడే అయితే? 2024 సింగపూర్‌లో నోరిస్ గెలుస్తున్నాడు, ఫాస్టెస్ట్ ల్యాప్ పాయింట్ కూడా అతనికే వచ్చేలా ఉంది. రెడ్‌బుల్ వాళ్లదే అయిన రెండో టీమ్‌లో, ఆఖరి స్థానంలో ఉన్న రికార్డోకి చివర్లో సాఫ్ట్ టైర్లు వేసి పంపారు, ఫాస్టెస్ట్ ల్యాప్ కొట్టాడు. మొదటి పదిలో లేడు కాబట్టి పాయింట్ అతనికీ రాదు. నోరిస్‌కి ఒకటి తగ్గింది, లాభం రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌కి. రికార్డో చివరి రేసు, సరదాగా కొట్టనిచ్చాం అన్నారు. కావచ్చు కూడా! 2025 నుంచి ఆ పాయింటే తీసేశారు. చూడండి, ఇక్కడ నిషేధం అక్కర్లేకపోయింది. ఆశ పెట్టే వస్తువుని తీసేస్తే ఆ దారి మూసుకుపోయింది.

రెయిన్‌లైట్:
ఇది నాకు నచ్చింది. అయితే డ్రైవర్ల టైటిల్‌ని కూడా తీసేద్దామా? ఆర్డర్స్‌కి మూలం అదేగా. మొదటి రెండు స్థానాలూ ఒకే టీమ్‌వైతే ఎవరు ముందున్నా కన్‌స్ట్రక్టర్ల (టీమ్‌ల) ఖాతాలో 43 పాయింట్లే. ప్రైజ్ మనీ ఏమీ మారదు. అయినా మారుస్తారంటే, కారణం డ్రైవర్ల టైటిలే.

ఔట్‌ల్యాప్:
చాలా పాయింట్లు వచ్చాయి. నా పట్టు మాత్రం విడవను, కాస్త మారుస్తాను. మొత్తం నిషేధం వద్దు. లీడర్ ఎవరన్నది మార్చే ఆర్డర్ మాత్రం నిషిద్ధం. మిగతా స్థానాల్లో ఏమైనా చేసుకోండి. గెలుపు మాత్రం ట్రాక్ మీదే తేలాలి. టికెట్ కొన్నవాడు చూడటానికి వచ్చేది దాన్నే.

పాతకాపు:
అలాగైతే 2024 హంగరీని ఎక్కడ పెడతారు? స్టార్ట్‌లో లీడ్ తీసుకున్నది పియాస్ట్రి. వెనకున్న నోరిస్‌ని టీమే ముందు పిట్‌కి పిలిచింది, ఆ అండర్‌కట్‌తో (ముందే కొత్త టైర్లు వేసుకుని వేగం పుంజుకోవడంతో) అతను లీడర్ అయిపోయాడు. తప్పు టీమ్‌ది. ల్యాప్ తర్వాత ల్యాప్ బతిమాలారు, 70 ల్యాప్‌ల రేసులో 68వ ల్యాప్‌లో నోరిస్ దారిచ్చాడు. పియాస్ట్రికి తొలి విజయం. మీ రూల్ ప్రకారం ఆ ఆర్డర్ నిషిద్ధం. అంటే పిట్ పిలుపుతో లాక్కున్నది చట్టబద్ధం, తిరిగిచ్చేది నేరం. పిట్‌కి ఎవర్ని ముందు పిలవాలన్నదే అతి పెద్ద టీమ్ ఆర్డర్ అండీ. దాన్ని ఏ రూలూ తాకలేదు.

ఔట్‌ల్యాప్:
హంగరీలో తిరిగి ఇప్పించకపోయినా నాకు అభ్యంతరం లేదు. పియాస్ట్రికి అన్యాయం జరిగేది, నిజమే. ఆ అన్యాయానికి టీమ్ జవాబు చెప్పుకునేది. మోంజాలో ఆ దుస్థితే వచ్చేది కాదు.

డేటాట్రేస్:
@ఔట్‌ల్యాప్ మీ రూల్ రాశారే అనుకుందాం, 2026 కార్లకి ఎలా వర్తింపజేస్తారు? ఇప్పుడు పవర్‌లో దాదాపు సగం కరెంటుదే, మోటార్ ఒక్కటే 350 కిలోవాట్లు. ముందున్నవాడికి "రెండు ల్యాప్‌లు ఛార్జ్ చేసుకో" అంటే చాలు. స్ట్రెయిట్ మధ్యలో కరెంటు అయిపోతుంది, వెనకున్నవాడు నిండు బ్యాటరీతో దాటేస్తాడు. బయటి నుంచి చూస్తే అచ్చమైన ఓవర్‌టేక్, కామెంటేటర్ కుర్చీలోంచి లేస్తాడు. ఎవరూ యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు. ఎవరూ సారీ చెప్పక్కర్లేదు.

చికేన్:
అందుకే నిషేధం కాదు, ఆర్డర్ ఇస్తే స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో వెయ్యాలి. టీమ్ పేరు, ల్యాప్ నంబరు, ఎవరికి ఎవరు దారివ్వాలి. తిట్టేది స్టాండ్స్‌లో జనం తిడతారు.

పాతకాపు:
2002లో జనం తిట్టారు. షూమాకర్ టైటిల్ తీసుకుని వెళ్లిపోయాడు, ఆరు రేసులు మిగిలుండగానే.

రెయిన్‌లైట్:
కానీ అదే ఏడాది ఇండియానాపొలిస్‌లో షూమాకర్ ఫినిష్ లైన్ దగ్గర నెమ్మదించి బారికెల్లోకి 0.011 సెకన్లతో గెలుపు ఇచ్చాడు చూడండి. తిట్లు కాస్తో కూస్తో పనిచేసినట్టే.

గ్రావెల్‌ట్రాప్:
అదీ ముందే సర్దుకున్న ఫలితమే కదండీ, రెయిన్‌లైట్ గారూ. ఒక రేసు చెడగొట్టినందుకు ఇంకో రేసు చెడగొట్టారు.